బుంగమూతి బాబాయి రుమాలు

బుంగమూతి బాబాయి కుడిచెయ్యి ఒక ఆడమనిషిది. టీవీలో ఆయన్ని చూస్తూ పెరిగిన పిల్లలకి ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బాబాయి గుడ్డతో, స్పాంజితో చేసిన బొమ్మ. నోరూ ఎడమచెయ్యీ ఆడించేదీ, గొంతు ఇచ్చేదీ ఆయన్ని పుట్టించిన పెద్దాయన. మరి దేవుడు ఎంతటి కళాకారుడికైనా రెండే చేతులిచ్చాడాయె! ఒకటి తలలోకీ, ఒకటి ఎడమ చేతిలోకీ పోతే కుడి చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతుంది. అందులోకి దూరింది మన అక్క చెయ్యి. స్టూడియోలో అందరూ ఆవిడని కుడిచేతక్క అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

అక్క వచ్చింది కుట్టుపనికి. మూలన మిషను దగ్గర కూర్చుని బొమ్మలకి కోట్లూ టోపీలూ కుట్టేది. మొదటి షూటింగు రోజున కుడిచెయ్యి ఆడించాల్సిన మనిషి జ్వరమని రాలేదు. పెద్దాయన అటూ ఇటూ చూసి, "నువ్వు కుట్టిన కోటే కదమ్మా, అందులో చెయ్యి పెట్టడానికి మొహమాటమేంటి? రా" అన్నాడు. చెక్క అరుగు వెనకాల ఇద్దరూ మోకాళ్ళ మీద కూలబడి, చేతులు పైకెత్తి, నేల మీద పెట్టిన చిన్న టీవీలో బొమ్మని చూసుకుంటూ ఆడించాలి. అక్కకి కాళ్ళు తిమ్మిరెక్కాయి, చెయ్యి చెమట పట్టింది, ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని ఉంది. పెద్దాయన ఒక మాట చెప్పి ఆగాడు. హమ్మయ్య, అయిపోయిందనుకుంది. పని అయ్యాక బొమ్మల ముఖాల మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పడం ఆవిడకి అలవాటు. అంతే, బాబాయి కుడిచేత్తోనే బాబాయి జేబులోంచి గళ్ళ రుమాలు లాగి, బాబాయి ముఖం మీద కప్పేసింది.

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

స్టూడియో అంతా బిగుసుకుపోయింది. పెద్దాయన మాత్రం రుమాలు కిందనుంచి బాబాయి గొంతుతో, "సర్లే, నేను పడుకుంటున్నా. మీకు మాత్రం ఇళ్ళూ వాకిళ్ళూ లేవా ఏంటి? పొండి!" అన్నాడు. ఆ పొరపాటే ఆ తర్వాత ప్రతి ఆటకీ ముగింపు అయింది. రుమాలు ముఖం మీద పడిందంటే చాలు, ఏ ఇంట్లో పిల్లలైనా "పడుకో బాబాయ్!" అని అరిచి టీవీ ముందునుంచి లేచిపోవాల్సిందే. ఎంతమంది తల్లులు ఆ రుమాలుకి మనసులో దణ్ణం పెట్టుకున్నారో! లేకపోతే పిల్లల్ని టీవీ ముందునుంచి లేపగలిగిన మొనగాడెవడు?

ఇక ఆ మూతి సంగతి. కింది పెదవిని మందపాటి దారంతో కిందికి లాగి కుట్టింది పెద్దాయనే. ఆ కుట్టు జోలికి అక్కని కూడా రానిచ్చేవాడు కాదు. "నవ్వే బొమ్మలు బజారులో బోలెడు. తినమనీ, చదవమనీ, పడుకోమనీ పిల్లల్ని అందరూ బతిమాలతారు. మరి వాళ్ళు బతిమాలడానికి ఒకడుండొద్దూ? అందుకే వీడు అలుగుతాడు" అనేవాడు. ఆట మొత్తం అదే. గొడుగు కనబడలేదనో, తన కుర్చీలో పిల్లి కూర్చుందనో బాబాయి అలుగుతాడు. మిగతా బొమ్మలూ, చూసే పిల్లలూ కలిసి ఆయన్ని దారికి తెస్తారు. చివరికి, అదీ ఎంతో బెట్టు చేశాక, "చూద్దాంలే" అంటాడు. ఆ ఒక్క మాట కోసం పిల్లలు కదలకుండా కూర్చునేవారు. ఆయన నవ్వగా చూసినవాడు లేడు.

అక్క మొగుడు బస్సు కండక్టరు, నోరు ఊరుకోని మనిషి. "మా ఆవిడ చెయ్యి పగలంతా పరాయి మగాడి కోటులో ఉంటుంది. ఇంటికొచ్చాక గ్లాసెడు టీ అడిగితే మాత్రం నొప్పంటుంది" అని టిక్కెట్లు చింపుతూ బస్సంతా నవ్వించేవాడు. ఆ మాట తిరిగి తిరిగి అక్క చెవిన పడింది. "ఆ కోటు కుట్టిన సూదితోనే మీ నోరూ కుట్టేస్తాను, ఉండండి" అంది. కానీ నొప్పి మాత్రం నిజం. ఏళ్ళ తరబడి పైకెత్తి ఉంచిన ఆ భుజం ఎడమదానికంటే ఎత్తుగా నిలిచిపోయింది. జాకెట్టు కుట్టుకునేటప్పుడు కుడివైపు కొలత వేరే తీసుకునేది.

పెద్దాయనకి ఒక్కతే కూతురు, చిట్టి. తల్లి లేని పిల్ల. బడి వదలగానే స్టూడియోకి వచ్చేసి, అక్క మిషను కింద గుడ్డముక్కల్లో కూర్చుని పెరిగింది. జడలు వేసింది అక్కే, ముక్కు తుడిచింది అక్కే, తన డబ్బాలోది కలిపి ముద్దలు పెట్టింది అక్కే. ఆ పిల్ల "పిన్నీ" అని పిలిస్తే అక్కకి తోడబుట్టినదాని బిడ్డ పిలిచినట్టే ఉండేది. రుమాలు పడగానే స్టూడియోలో అందరికంటే ముందు "పడుకో బాబాయ్!" అని అరిచేది కూడా చిట్టే. ఇంత పిల్ల అరుపుకి కెమెరామన్ ఉలిక్కిపడేవాడు.

పెద్దాయన మంచాన పడ్డాడు. ఆస్పత్రి గదిలో ఒక సాయంత్రం అక్కని దగ్గరికి పిలిచి, ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ వాడికి చెయ్యి మాత్రమే అయ్యావు. నా తర్వాత తల నీదే. వాడి గొంతు నీకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. చిట్టికీ చెప్పాను" అన్నాడు. కిటికీ దగ్గర నిలబడి బత్తాయి ఒలుస్తున్న చిట్టి తలూపింది. "నువ్వు కాకపోతే ఇంకెవరు పిన్నీ" అంది. అప్పటికి చిట్టి చిన్నపిల్లేం కాదు, స్టూడియో లెక్కాడొక్కా అంతా తనే చూస్తోంది. అక్క ఆ మాటని కొంగున ముడేసుకుంది. పెద్దాయన పోయాక ఏడవడానికి కూడా ఆ మాటే ఆసరా అయింది.

ఇంట్లో సాధన మొదలుపెట్టింది. చేతికి మొగుడి సాక్సు తొడుక్కుని, గొంతు బొంగురు చేసి, వంటింట్లో నిలబడి అలిగేది. మొగుడు అప్పటికి రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. "బాబాయీ, ఇవాళ వంటేంటి?" అని అడిగేవాడు. "చూద్దాంలే" అనేది సాక్సు. "ఓసినీ! ఆయనే దిగొచ్చినట్టుందే!" అని ఆ మాటలపోగు కూడా ఒక్క నిమిషం నోరు మూసుకున్నాడు. అంతకంటే మెప్పు ఆ ఇంట్లో ఏముంటుంది?

ఈలోగా చిట్టి బాబాయిని ఒక కంపెనీకి ఇచ్చేసింది. "ఇవ్వడమంటే ఇచ్చెయ్యడం కాదు పిన్నీ. కాగితాల్లో అంతే. బాబాయి ఎప్పటికీ మనవాడే" అంది. అక్క సరేనంది. అద్దాల తలుపులున్న కొత్త ఆఫీసులో చల్లటి గదిలో కూర్చోబెట్టి, కంపెనీ పెద్ద ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. అలిగే బొమ్మని చూస్తే పిల్లలకి దిగులు పుడుతుందట. ఈ కాలపు పిల్లలకి నవ్వు ముఖం కావాలట. బాబాయి బొమ్మ బిస్కెట్ల డబ్బా మీద వెయ్యాలంటే ఆ మూతి అడ్డొస్తోందట! అసలు సంగతి ఆ చివరి ముక్కలో ఉందని అక్కకి అర్థమైంది. ఒళ్ళు మండింది. చిట్టి వంక చూసింది. చిట్టి బల్ల కింద ఆవిడ చెయ్యి నొక్కింది.

బయటికొచ్చాక వరండాలో చిట్టి మెల్లగా అంది. "వాళ్ళ మాట కొంచెం వినాలి పిన్నీ. ఆ పెదవి ఒక్కటీ పైకి కుట్టిపెట్టు. నువ్వైతే గాయం కాకుండా కుడతావు. తల సంగతి నాకొదిలెయ్. నేను చూసుకుంటాగా!"

అక్క బాబాయిని ఇంటికి తెచ్చుకుంది. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, చిన్న కత్తెరతో పెద్దాయన కుట్టు విప్పింది. దారం మైనం పట్టించిన దారం, ఏళ్ళు గడిచినా చెక్కుచెదరలేదు. మొగుడు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు.

"ఇవాళ మూతి అన్నారు. రేపు ముక్కు కొయ్యమంటారు. అప్పుడేం చేస్తావు?"

"తల నా చేతికి రానివ్వండి. ఒక్కో వారం ఒక్కో కుట్టు వదులు చేసుకుంటూ మళ్ళీ కిందికి దింపేస్తాను. ఎవడికీ తెలీదు."

"తల వస్తుందంటావా?"

"చిట్టి మాటిచ్చిందండీ. ఆ పిల్ల నా చేతిలో పెరిగింది."

అక్క బాబాయికి నవ్వు కుట్టింది. పని తెలిసిన చెయ్యి కదా, బ్రహ్మాండంగా కుదిరింది. అదే ఆవిడకి తర్వాత గుండెల్లో ముల్లయి కూర్చుంది. అడ్డదిడ్డంగా కుట్టి ఉంటే ఎంత బాగుండేది!

బాబాయిని పట్టుకుని స్టూడియోకి వెళ్ళేసరికి అక్కడ ఒక మిమిక్రీ ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. లేచి దణ్ణం పెట్టాడు. "అమ్మా, చిన్నప్పుడు మీ ఆట చూడకుండా అన్నం తినేవాణ్ణి కాదు" అన్నాడు. మంచివాడే, అతన్ని అనడానికేం లేదు. బాబాయిని అక్క చేతుల్లోంచి తీసుకుని, తలలోకి చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, "హాయ్ పిల్లలూ! ఐ లవ్యూ!" అన్నాడు. బాబాయి నవ్వాడు. కంపెనీ పెద్ద చప్పట్లు కొట్టాడు.

అక్క చిట్టిని పక్కకి లాక్కెళ్ళింది.

"ఏంటమ్మా ఇది?"

"వాళ్ళు పేరున్న గొంతు కావాలన్నారు పిన్నీ. కుడిచెయ్యి మాత్రం నీదే. అది నేను గట్టిగా చెప్పాను."

"మరి మీ నాన్న అన్న మాట?"

చిట్టి ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "ఏ మాట పిన్నీ?" అంది.

అంతే. అరవలేదు, దబాయించలేదు, ఎంతో మెత్తగా అంది. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఏమిటో అక్కకి ఆ రోజు తెలిసింది. ఆస్పత్రి గది, కిటికీ, బత్తాయి తొక్కలు అన్నీ కళ్ళముందున్నాయి. పరాయివాళ్ళు మోసం చేస్తే నలుగురిలో పెట్టి కడిగెయ్యొచ్చు. ముద్దలు పెట్టిన పిల్లని ఏమని కడుగుతాం?

మింగలేక కక్కలేక అక్క ఇంకొన్నాళ్ళు ఆ కుడిచేతిలోనే ఉంది. ఎందుకున్నావే అని మొగుడు అడిగాడు. "చెయ్యైనా పాతది ఉండాలి కదండీ వాడికి" అంది. కానీ బాబాయి ఇప్పుడు అలగడు. పిల్లి కుర్చీలో కూర్చుంటే ముద్దు పెట్టుకుంటాడు. పాట పాడతాడు, మధ్యమధ్యలో బిస్కెట్టు తింటాడు. మిమిక్రీ ఆయన తల ఆడించే వేగానికి కుడిచెయ్యి ఎప్పుడూ వెనకబడేది. పెద్దాయన మాట మొదలుపెట్టేముందు ఊపిరి తీసేవాడు. పక్కనే భుజానికి భుజం ఆనించి కూర్చున్న అక్కకి ఆ ఊపిరే సైగ. ఇతనికి ఊపిరి తీసే తీరికే లేదు.

ఒక రోజు కొత్త కోటు వచ్చింది, బయట ఎక్కడో కుట్టించారు. దాని కుడిచెయ్యి జేబులో పెట్టి ఉంది. పెట్టి ఉండటమేంటి, జేబుకి కలిపి కుట్టేసి ఉంది. స్టైలుగా ఉంటుందట, ఒక్క మనిషితోనే ఆట నడిచిపోతుందట. రుమాలు పెట్టే చోటు లేదు. చివర్లో బాబాయి గెంతుతూ వెళ్ళిపోతాడు, ఆ వెంటనే ఇంకో ఆట మొదలవుతుంది. పిల్లలు లేవకుండా కూర్చోవడమే కదా వాళ్ళకి కావాల్సింది! చిట్టి అక్కకి పూలగుత్తి ఇచ్చి, "ఇక హాయిగా రెస్టు తీసుకో పిన్నీ, ఆ భుజం కూడా నొప్పి కదా" అంది. దాంతోపాటు ఒక కీచైను ఇచ్చారు. దానికి బొటనవేలంత బాబాయి వేలాడుతున్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఏరు దాటాక తెప్ప తగలేశారు, పైగా తెప్పకి పూలగుత్తొకటి!

ఆ కీచైనుని మొగుడు చెత్తబుట్టలో పడెయ్యబోతే అక్క ఆపింది. కుట్టుమిషను సొరుగులో బోర్లా పెట్టి మూసింది.

తర్వాత ఏడాది పెద్దాయన జ్ఞాపకార్థం పెద్ద హాల్లో కార్యక్రమం పెట్టారు. చిట్టి ఫోన్ చేసింది. "పిన్నీ, ఒక్క రోజు రావాలి. అప్పట్లో ఆట చూసిన వాళ్ళంతా పిల్లల్ని తీసుకుని వస్తున్నారు. రుమాలు లేకపోతే ఊరుకోరట. పాత కోటు తీయించాను. చివర్లో రుమాలు కప్పి వెళ్ళిపో, అంతే."

మొగుడు వెళ్ళొద్దన్నాడు. "అవసరం పడితే పిన్ని. తీరాక ఎవరివో! ఒకసారి కాలింది చాల్లేదా?"

"పెద్దాయన పేరు మీద కదండీ" అంది అక్క. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే ఆవిడకి బాబాయిని చూడాలనుంది. కుట్టేసిన జేబులో ఇరుక్కున్న ఆ చేతిని తలుచుకుంటే ఏడాదిగా తన వేళ్ళే లాగుతున్నాయి.

హాలు నిండిపోయింది. ఒకప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నారు. అక్క అరుగు వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని పాత కోటు చేతిలోకి చెయ్యి దూర్చింది. మోచేతి దగ్గర తను వేసిన అతుకు చర్మానికి తగిలింది. తెర లేచింది. నేల మీది చిన్న టీవీలో బాబాయి ముఖం కనబడింది, ఆ చెవినుంచి ఈ చెవిదాకా నవ్వు. ఎంత చక్కటి కుట్టు! ఒక్క దారం బయటికి రాలేదు. సిగ్గుతో అక్క చెవులు వేడెక్కాయి.

మిమిక్రీ ఆయన పెద్దాయన గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బాబాయి గొంతు హుషారెక్కింది. "పిల్లలూ! నన్ను పుట్టించిన తాతయ్యకి ఏది ఇష్టమో తెలుసా? నవ్వు! ఆయన ఎప్పుడూ నన్ను నవ్వుతూ ఉండమనేవాడు! అందుకే ఆయన పేరు మీద మన కొత్త బిస్కెట్టు..."

అంత అబద్ధం చచ్చిపోయిన మనిషి నోట్లో పెడతారా? తలలో ఉన్నది అక్క చెయ్యి కాదు, ఆ నోరు మూయించడం తన వల్ల కాదు. కానీ కుడిచెయ్యి తనది.

బాబాయి కుడిచెయ్యి నెమ్మదిగా జేబు దగ్గరికి వెళ్ళింది. గళ్ళ రుమాలు చివర పట్టుకుని లాగింది. ఎప్పటిలాగే ఒకసారి దులిపింది. ముఖం మీద కప్పేసింది.

ఎక్కడో వెనక వరసలో ఒక ఆడగొంతు, పెద్దావిడ గొంతే, "పడుకో బాబాయ్!" అంది. అంతే, హాలంతా అందుకుంది. "పడుకో బాబాయ్!" అని తండ్రులు అరిచారు, తల్లులు అరిచారు, ఏమిటో తెలియకపోయినా పిల్లలూ అరిచారు. అరిచి, అలవాటు ప్రకారం లేచారు. కుర్చీలు టకటకమన్నాయి. ముక్కులు చీదుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుని, జనం గుమ్మాలవైపు నడిచారు. పాట మిగిలిపోయింది, డాన్సు మిగిలిపోయింది, బల్ల మీద పేర్చిన బిస్కెట్ల డబ్బాలు మిగిలిపోయాయి.

"అమ్మా, ఇంకా చాలా ఉంది కదమ్మా!" అని మిమిక్రీ ఆయన గుసగుసలాడాడు.

"వాడికి నిద్రొచ్చింది నాయనా" అంది అక్క.

తెర వెనక చిట్టి ఊగిపోతూ వచ్చింది. "నాన్న పేరు మీద జరుగుతోందని కూడా చూడలేదు నువ్వు! నమ్మి పిలిచాను కదా పిన్నీ!"

నమ్మకం గురించి ఆ పిల్ల మాట్లాడుతుంటే అక్కకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నేనూ నమ్మే కుట్టానమ్మా ఆ మూతి. తల అడగను, అది పోయింది. ఒక్కటి చెప్పు చాలు. మీ నాన్న ఆ మాట అన్నాడా లేదా? బత్తాయి ఒలుస్తున్నావు, కిటికీ దగ్గరున్నావు. అన్నాడా?"

చిట్టి చేతిలోని ఫోన్ వంక చూసుకుంది. "ఇప్పుడవన్నీ ఎందుకు?" అని వెళ్ళిపోయింది.

బస్సులో సగం దూరం వచ్చాక అక్క పిడికిలి విప్పి చూసుకుంది. రుమాలు అందులోనే ఉంది. ఎప్పుడు తీసుకుందో తనకే తెలియదు. ఇంటికెళ్ళి ఉతికి ఆరేసింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఫోన్ మోగింది. మొగుడు పక్కనే కూర్చుని పాత గడియారం విప్పుకుంటున్నాడు.

"నమస్తే అండీ. కార్యక్రమంలో వాడిన రుమాలు మీ దగ్గర ఉండిపోయినట్టుంది. అది కంపెనీ వస్తువండీ. రేపు మనిషిని పంపిస్తాం, ఇచ్చెయ్యండి."

ఆఫీసు పిల్ల ఎవరో అనుకుంది అక్క. మాట సాగుతుండగా గొంతు తెలిసింది. పంటి నొప్పికి ఏడ్చిన గొంతు, రుమాలు పడగానే స్టూడియో అదిరేలా అరిచిన గొంతు. ఆ గొంతు జీవితంలో ఎప్పుడూ ఆవిడని అండీ అనలేదు.

"చిట్టీ?" అంది అక్క.

"అవునండీ. రేపు ఎన్నింటికి పంపమంటారు?"

అక్క ఇంకా తాడు మీదే ఉన్న రుమాలు వంక చూసింది.

"పంపకండి. ఇవ్వనండీ" అని ఫోన్ పెట్టేసింది.

"ఎవరే?" అన్నాడు మొగుడు, తలెత్తకుండానే.

"ఎవరో కంపెనీ వాళ్ళండీ" అంది అక్క, రుమాలు తీసి మడతపెడుతూ.